గ్రీన్‌బెల్టు మీద తెల్లపొర

డిటెక్టివ్ జీవిత తన కడప ఆఫీసులో ఇంకా టీ తాగనే లేదు, రాహేలమ్మ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"మా ఆయన ఏసన్నను సోమవారం పోలీసులకు అప్పజెప్తారంటమ్మా. చెట్లు చచ్చిపోయేదానికి మందు పెట్టినాడంట."

మంగంపేట దగ్గర హర్షవర్ధన్‌కు ముగ్గురాయిని పొడి చేసే మిల్లు ఉంది. పక్కనే చర్చి, దాన్ని ఆనుకుని ఇళ్లు. దుమ్ము ఇళ్ల మీద పడకుండా మధ్యలో చెట్లు పెంచి తీరాలని మిల్లు అనుమతిలోనే షరతు. ఆ గ్రీన్‌బెల్టుకు తోటమాలి ఏసన్న. ఇప్పుడక్కడ అశోక చెట్లు ఎండిపోతున్నాయి. అవి పోతే మిల్లు అనుమతీ పోతుంది.

"మీ ఆయన మీదే అనుమానం ఎందుకు?"

"లారీలు నిలిపేదానికి ఒక వరస కొట్టేస్తామంటే ఓనరుతో కొట్లాడినాడు. చెట్టు మీద చెయ్యేస్తే మిల్లు మూయిస్తా అన్నాడు. ఆ మాట పట్టుకున్నారు. తర్వాత కాలిరిగి మంచంలో పడినాడు. చెట్లకు నీళ్లు కూడా నేనే పోస్తాండా. కేసయితే ఈ వయసులో తల యాడ పెట్టుకోవాలమ్మా?"

అసిస్టెంటు శామ్ అప్పటికే కారు తాళాలు తీశాడు. జీవిత తుమ్మినా అందులో ఒక క్లూ ఉంటుందని నమ్మే మనిషి అతను.

గ్రీన్‌బెల్టులో ఆకులు అంచుల నుంచి మాడిపోయి ఉన్నాయి. కింద నేలంతా తెల్లగా పొర కట్టింది. చివరన మాత్రం కొన్ని చెట్లు నవనవలాడుతున్నాయి.

"ముగ్గురాయి దుమ్ము మేడమ్. మిల్లే చంపింది," అన్నాడు శామ్ ధీమాగా.

"దుమ్ము ఆ చివరి చెట్ల మీదా పడింది. అవి బతికే ఉన్నాయి కదా."

జీవిత చిటికెడు పొర తీసి నాలుక మీద వేసుకుంది. శామ్ కంగారుగా నీళ్ల సీసా అందించాడు. ఆమె ఉమ్మేసి, తీరిగ్గా నోరు పుక్కిలించి, హర్షవర్ధన్ దగ్గరికి నడిచింది.

"మిల్లు ముందు నిలిపిన ఆ ట్యాంకరుతో చెట్లకు నీళ్లు పోయడం లేదా?"

"రాహేలమ్మే వద్దనింది మేడమ్. చర్చికాడ వాటర్ ప్లాంటు చూసుకునేది ఆమే. నీళ్లు ఈడే శానా ఉండాయి, పైపు వేసుకుంటా అనింది. మంచిదే కదా అనుకున్యా. మందు మాత్రం ఏసన్నే ఎవరితోనో పెట్టించినాడు."

జీవిత ప్లాంటు వెనక్కి వెళ్లి ఆ పైపును పట్టుకుని గ్రీన్‌బెల్టు వెంట లాక్కుంటూ పోయింది. పచ్చని చెట్లు మొదలయ్యే చోటే అది ఆగిపోయింది. ఆమె ముఖంలో సంతోషం కనిపించలేదు.

సాయంత్రం చర్చి వరండాలో అందరూ కూడారు. ఏసన్నను కుర్చీతో సహా మోసుకొచ్చారు.

"మందు ఎవరూ పెట్టలేదు," అంది జీవిత. తెల్లపొరను గ్లాసు నీళ్లలో వేసి కలిపింది. చాలామటుకు కరిగిపోయింది. "ముగ్గురాయి పొడి కరగదు, రుచీ ఉండదు. ఇది ఉప్పు. వాటర్ ప్లాంటు తాగేనీళ్లు ఒక గొట్టంలోకి ఇచ్చి, బోరునీళ్ల ఉప్పంతా రెండో గొట్టంలోంచి బయటికి పంపుతుంది. ఆ ఉప్పునీళ్లు చెట్టుకు పనికిరావు. కానీ మన సీమలో నీళ్లు ఊరికే కాలవలో పోతుంటే చూస్తూ ఎవరు ఊరుకుంటారు? ఆ రెండో గొట్టానికి తగిలించిన పైపు అందినంత మేరా చెట్లు ఎండాయి; అందనివి నేల తడితోనే బతికాయి."

"అంటే నేనేనా?" రాహేలమ్మ భర్త ముందు నేల మీద కూలబడింది. "నీళ్లు పారబోస్తే పాపం అనుకున్యా. నువ్వు లేచేతలికి చెట్లు ఏపుగా ఉండాలని రోజూ పోసినా."

హర్షవర్ధన్ తల వంచుకున్నాడు. "ఏసన్నా, నిన్ను అనకూడని మాట అన్యా. ట్యాంకరు ఇప్పుడే పంపుతా. లారీల మాట ఇంక ఎత్తను."

ఏసన్న అతని వైపు చూడనైనా లేదు. తన కుర్చీని చెట్ల దగ్గరికి చేర్చమన్నాడు. ట్యాంకరు వచ్చాక దాని గొట్టం అందుకుని భార్యను పిలిచాడు.

"నేను ముట్టను. నా చేత్తోనే చంపినా," అందామె.

"చావలేదు లేవే, వేర్లు బతికుండాయి. మంచినీళ్లు బాగా పారిస్తే ఉప్పు కిందికి దిగుతాది. నా కోసం పోసిన చెయ్యే కదా. రా, ఇది పట్టుకో."

ఆమె భయంభయంగా పట్టుకుంది. ఏసన్న ఆ చేతి మీద తన చెయ్యి వేసి, మొదటి చెట్టు మొదట్లోకి నీళ్లు వదిలాడు.