ఎడమచేతి ముడి

పొద్దున ఏడు గంటలకు చెన్నప్ప మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడో లేదో, మిద్దె మెట్ల మీదుగా ఆ కంపు దిగివచ్చింది. రోజూ వచ్చేదే. అయినా రోజూ కొత్తగానే ఉంటుంది. చేపల పొట్టల్లో బెల్లం కలిపి, మూతపెట్టి, ఇరవై రోజులు మురగబెట్టిన కంపు అది. దాని పక్కన ఇంకో డ్రమ్ములో పేడ, ఆవు పంచితం, శనగపిండి. మూడోదాంట్లో నిమ్మరసంలో నానుతున్న కోడిగుడ్లు. తాతల కాలం నుంచి నీచు గడప తొక్కని ఇల్లు. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఇన్నేళ్లు తలెత్తుకుని బతికిన మనిషి ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లకన్నా ముందు సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తోంది.

"ఏమే, మూత పెట్టినావా లేదా?" గుంటలోంచే కేకవేశాడు.

"కలుపుతాండా. నూరుసార్లు కుడిపక్కకు తిప్పాలంట." పైనుంచి భార్య శ్రీశైలమ్మ గొంతు.

"ఎవరు సెప్పినారు?"

"ఇంకెవరు, ఫోన్లో ఆయప్ప."

చెన్నప్ప పోగు మోసే నాడె తాడును విసురుగా లాగాడు. ఫోన్లో ఆయప్పకు మొహం లేదు, పేరు లేదు. ఉన్నదల్లా యంత్రంలోంచి వచ్చే గొంతు ఒకటి. ఆ గొంతు చేపలన్నా పలుకుతుంది, పేడన్నా పలుకుతుంది, దానికి వాసన తెలియదు కాబట్టి.

ఇదంతా దసరా తరవాత మొదలైంది. ఆదోనిలో కాపురముంటున్న కూతురు సుమతి, మిద్దె తోట వేసేవాళ్లు చూడవలసిన అయిదు ఛానళ్లంటూ తల్లి ఫోనుకు ఒక జాబితా పంపింది. శ్రీశైలమ్మ అయిదూ చూసింది. ఒకాయన మొక్క చూపించడానికి ముందు అరగంట తన గొప్ప చెప్పుకుంటాడు. ఒకామె విత్తనాలు అమ్ముకుంటుంది. ఒకరి భాష అర్థం కాదు. ఇంకొకరు కుండీలు కడిగించేదానికే ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నారు. జాబితాలో మొదటిది మాత్రం, 'పచ్చని మిద్దె' అనేది, ఆమెకు తెగ నచ్చింది. అందులో మనిషి కనబడడు. కుండీ, దాని నిండా కాయలు, అంతే. "అదే సూడమ్మా, అది బాగుంటాది" అని సుమతి కూడా అన్నది.

అప్పటినుంచి ఆ గొంతు ఏం చెబితే శ్రీశైలమ్మ అది చేసింది. ముక్కుకు కొంగు కట్టుకుని మార్కెట్టుకు పోయి చేపల పొట్టలు అడిగి తెచ్చింది. నాలుగు నెలలు వంగి, తోడి, పోసి, మొక్కల ముందు కూర్చుంది. పక్కింటి దేవక్క కిటికీలు మూసుకుంది. చెన్నప్ప నేసిన చీరను మడతపెడుతూ తనే వాసన చూసుకుని మొహం తిప్పుకునేవాడు. ఇంకో సంగతి కూడా గమనించాడు గాని అడగలేదు. శ్రీశైలమ్మ ఈమధ్య అన్నం చెంచాతో తింటోంది.

ఆ పొద్దు ఆమె మెట్లు దిగివచ్చినప్పుడు చేతిలో ఒక టమాటా మొక్క ఉంది. వేరు నల్లగా కుళ్లి, జిగటగా వేలాడుతోంది.

"ఇది కూడా పోయింది" అంది. "పన్నెండింటిలో ఇదే ఆఖరుది."

"పోతే పీడ పాయ. ఆ డ్రమ్ములు పారబొయ్యి."

ఆమె మొక్కను నేలమీద పెట్టి, మగ్గం పక్కన చతికిలబడింది. కాసేపటికి మెల్లగా అంది. "ఎల్లుండి సుమతి శ్రీమంతంలో మొదటి గాజు నేను వెయ్యను. మీ చెల్లెలు యశోదను వెయ్యమందాం."

చెన్నప్ప చెయ్యి మగ్గం మీదే ఆగిపోయింది. కడుపుతో ఉన్న కూతురికి మొదటి పచ్చగాజు కన్నతల్లి వెయ్యడం వాళ్లింటి ఆనవాయితీ. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు అది. ఈ రోజు కోసం శ్రీశైలమ్మ గాజులు కొని బీరువాలో పెట్టి రెండు నెలలైంది.

"తిక్కగాని పట్టిందా నీకు?"

"నా చేతిలో ఏదీ బతకదు. మొక్కే నిలవని చెయ్యి, బిడ్డ కడుపు దగ్గరికి ఎట్ల పెట్టేది? లోకమంతా ఆయప్ప చెప్పినట్ల చేస్తాంది, అందరికీ కాస్తాండాయి. నాకే ఎందుకు కుళ్లిపోవాల? మీయమ్మ ఆపొద్దే అనింది కదా."

చెన్నప్ప నాడెను పక్కన పెట్టాడు. సుమతికన్నా ముందు ఒక మగపిల్లవాడు పుట్టి పదకొండోనాడు పోయాడు. పచ్చి బాలింత ముందు నిలబడి అతని తల్లి అన్నది, నీ చేతిలో ఏదీ నిలవదు అని. తల్లి పోయింది, ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉంది. ఆ రోజు అతను అక్కడే ఉన్నాడు, నోరు తెరవలేదు.

"ఆ ఫోను ఇట్లతే. ఏం కాసినాయో సూస్తా" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని చూపించింది. ఒకే కొమ్మకు పద్దెనిమిది టమాటాలు, ఎర్రగా, నున్నగా. ఒక్క మచ్చ లేదు. ఆమె రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసింది. "సూడు, ఎట్ల కాసినాయో."

చెన్నప్ప కళ్లజోడు ముక్కుమీదికి దించాడు. నలభై ఏళ్లుగా గుడ్డలో తప్పు వెతికే కళ్లు అవి. కాయను చూడలేదు, తొడిమను చూశాడు. తొడిమ కొమ్మను కలిసేచోట ఆకుపచ్చగా సన్నటి గీత ఉంది.

"ఇంకా పెద్దది చెయ్యి."

నూలు పోగు. పోగుకు ముడి. మగ్గం మీద తెగిన పోగును అతికేటప్పుడు నేతగాళ్లు వేసే ముడి అది, బయటివాళ్ల వేళ్లకు రాదు. పైగా నేతగాళ్లందరి ముడి కొస కుడివైపు తిరుగుతుంది. ఇది ఎడమవైపు తిరిగింది. ఈ వీధిలో ఎడమచేత్తో ముడివేసే పిల్ల ఒక్కతే ఉండేది. ఎనిమిదేళ్ల వయసులో తన పక్కన కూర్చోబెట్టుకుని, ఎన్నిసార్లు చేతిమీద కొట్టినా మారక, చివరికి సరేలెమ్మని వదిలేశాడు. దసరాకు వచ్చినప్పుడు ఆ పిల్లే, బొమ్మలకు కావాలని ఆకుపచ్చ నూలు కండె ఒకటి అడిగి తీసుకుపోయింది.

చెన్నప్ప గుంటలోంచి పైకి లేచాడు. ఫోను భార్య చేతికిచ్చి, చొక్కా తగిలించుకున్నాడు. "ఆదోనికి పోయొస్తా" అని మాత్రం చెప్పాడు.

*

సుమతి తలుపు తీసి సంబరపడింది. "ఏం నాయనా, ఫోనన్నా చెయ్యకుండా వచ్చినావు? నీ అల్లుడు ఇప్పుడే పత్తి మిల్లుకు పోయినాడు. కూర్చో."

"మిద్దె సూపియ్యి."

ఆమె మొహంలో రంగు మారింది. "ఎండ నాయనా, పైన ఏముండాది..."

అతను అప్పటికే మెట్లెక్కుతున్నాడు. పైన పది కుండీలున్నాయి. ఏడింట్లో మాడిన పుల్లలు. మూడింట్లో ఆకులు మాత్రం ఉన్నాయి. ఒకదాని ముందు ఫోను బిగించే కొయ్య, పక్కన చాటలో మార్కెట్టు నుంచి తెచ్చిన వంకాయలు, తొడిమలు తెగకుండా ఏరినవి. చాట అంచున తన ఆకుపచ్చ నూలు కండె. సగం కాయలు అప్పటికే చెట్టుకు కట్టి ఉన్నాయి.

చెన్నప్ప పిట్టగోడ మీద కూర్చున్నాడు. ఆయాసపడుతూ ఎక్కివచ్చిన సుమతి మంచినీళ్ల చెంబు అందించింది. అతను దాన్ని పక్కన పెట్టేశాడు. కూతురింటి నీళ్లు తాగబుద్ధి కాకపోవడం అతనికి అదే మొదటిసారి.

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదట్లో నిజమే పెట్టినా నాయనా" అంది నేలచూపులు చూస్తూ. "ఈ ఊర్లో నీళ్లు ఎప్పుడొస్తాయో తెలీదు. ఎండకు మాడిపోయినాయి. మాడినవే చూపిచ్చినా. నలభైమంది చూసినారు. ఒక్కసారి కట్టి చూద్దామని కట్టినా. ఎన్నివేలమందో చూసినారు. ఎవరో అక్క, మీది బంగారు చెయ్యి అని రాసింది. ఇంట్లో ఆరేండ్లు గొడ్రాలనే మాట తప్ప వినలేదు నేను. ఆ ఒక్క మాట కోసరం మళ్లీ కట్టినా."

"మీయమ్మకు ఎందుకు పంపినావు?"

"చూసి సంతోషపడతాదని. నాదేనని ఎప్పుడో ఒకపొద్దు చెప్దామనే."

"ఆ చేపల డ్రమ్ము?"

"యాడనో విన్నది యంత్రంతో చదివిచ్చినా. నేనెప్పుడూ చెయ్యలేదు. ఆ వాసన నాకు పడదు."

చెన్నప్ప నవ్వాడు. ఆ నవ్వు చూసి సుమతి ఒకడుగు వెనక్కి వేసింది.

"నీకు పడదు. నీచు ఎరగని ఇంట్లో మీయమ్మ చేత్తో తోడుతాంది దాన్ని. మగ్గం మీద నేను లక్ష ముళ్లు వేసింటా, అన్నీ గుడ్డ నిలవాలనే వేసినా. నేను నేర్పిన ముడిని నువ్వు దేనికి వాడినావో చూస్తే నాకు అసయ్యంగా ఉంది పాపా."

ఆమె పెదవి బిగబట్టుకుని నిలబడింది. అప్పుడతను గాజు సంగతి చెప్పాడు. పదకొండు రోజుల పిల్లవాడి సంగతి, ముసలామె అన్న మాట, తను మూసుకున్న నోరు, అన్నీ చెప్పాడు. సుమతికి అన్న ఒకడు పుట్టి పోయాడని తెలుసు. ఆ మాట తెలియదు. వింటూ వింటూ నేలమీద కూర్చుండిపోయింది. చాటలోని వంకాయలను కాలితో నెట్టేసింది.

"నన్ను ఇప్పుడే అమ్మ దగ్గరికి పిల్చుకపో" అంది.

*

వాళ్లు వచ్చేసరికి శ్రీశైలమ్మ పెరట్లో నిమ్మచెక్కతో చేతులు తోముకుంటోంది. అప్పటికే చర్మం ఎర్రబడింది. కూతుర్ని చూసి లేవబోయింది.

"కూర్చోమ్మా" అంది సుమతి. "ఆ పచ్చని మిద్దె నాదే. ఆ కాయలు చెట్టుకు కాసినవి కాదు. నేను మార్కెట్లో కొని కట్టినవి."

శ్రీశైలమ్మకు ముందు అర్థం కాలేదు. భర్తవైపు చూసింది. అతను తల ఊపాడు.

"పద్దెనిమిదీనా?"

"పద్దెనిమిదీ."

ఆమె చేతిలోని నిమ్మచెక్కను పక్కన పెట్టింది.  "కంచం ముందర పెట్టుకుంటే చెయ్యి నోటికాడికి పొయ్యేది కాదు పాపా. నా చేతిని చూస్తే నాకే రోత. చెంచాతో తిన్నా నాలుగు నెలలు. మొక్క సచ్చినప్పుడల్లా నీ కడుపు గుర్తొచ్చేది. నిద్ర పోలే. నువ్వు ఆడ కాయలు కట్టుకుంటాండావు."

"తప్పయిందమ్మా."

"నేనంటే నీ తల్లిని. ఇంకా ఎంతమంది ఆడోళ్లు ఆ డ్రమ్ములు తోడుతాండారో, నాది పాడుచెయ్యి అని ఏడుస్తాండారో."

"రేపే చెప్తా. నా మొహం చూపిచ్చి, నా గొంతుతోనే చెప్తా. ఏమన్నా అనుకోనీ." సుమతి ముందుకు వంగి తల్లి కుడిచెయ్యి పట్టుకోబోయింది.

శ్రీశైలమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "వద్దు, కంపు కొడతాది. వట్టి మనిషివి కాదు, వాంతయితాది."

సుమతి వినలేదు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని తన చెంపకు ఆనించుకుంది. నిమ్మవాసన కింద చేపల కంపు ఇంకా ఉంది. ఆమెకు ఒకసారి డోకు వచ్చింది, ఇంకోసారి వచ్చింది. కళ్లవెంట నీళ్లు కారాయి. చెయ్యి మాత్రం వదల్లేదు.

చెన్నప్ప లోపలికి పోయి బీరువాలోంచి గాజుల పెట్టె తెచ్చి భార్య ఒడిలో పెట్టాడు.

"మాయమ్మ ఆపొద్దు అనింది తప్పుడు మాట" అన్నాడు. "అది అప్పుడే చెప్పాల్సింది. చెప్పకపోతిని. ఇప్పుడు చెప్తాండా."

శ్రీశైలమ్మ అతని మొహంలోకి చూసింది. ముప్పై రెండేళ్లు పట్టింది ఆ మాట రావడానికి. కొంగుతో ముక్కు తుడుచుకుని, పెట్టె మూత తీసింది.

"ఎల్లుండి గదమ్మా" అంది సుమతి.

"ఎల్లుండి అందరి ముందరా వేస్తా. ఇప్పుడు ఒకటి వేసి చూస్తా."

సుమతి అలవాటుగా ఎడమచెయ్యి చాచింది. శుభకార్యానికి కుడిచెయ్యి చాచాలని గుర్తొచ్చి మార్చబోయింది.

"ఉండనీ, అదే ఇయ్యి" అంది శ్రీశైలమ్మ.

ఏడో నెలలో ఒంట్లో చేరిన నీటికి ఆ చెయ్యి ఉబ్బి ఉంది. గాజు కణుపుల దగ్గర ఆగింది.  శ్రీశైలమ్మ కూతురి నాలుగు వేళ్లనూ దగ్గరికి ఒత్తి, బొటనవేలును లోపలికి మడిచి, మెల్లమెల్లగా తోసింది. చెన్నప్ప గోడను పట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

గాజు పగలలేదు. కణుపులు దాటి మణికట్టు మీదికి జారి నిలిచింది.