తడి పేలిక

ఎన్నిస్ అడిగాడు. అడగాల్సిన మాట అడిగిన తర్వాతే చచ్చిపోయాడు. ఈ సంగతి రీవా మూడేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. గదిలో ఒక్కతే ఉన్నప్పుడు కూడా పైకి అనుకోలేదు.

"కర్ర వేసి చూశావటే?" అన్నాడు అన్న ఎన్నిస్ ఆ రోజు, షెడ్డు బయట కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ.

"చూశాను. ఖాళీయే," అంది రీవా.

చూడలేదు.

మూతిలోంచి మందు కూరే తుపాకీ చేతికొస్తే వాళ్ళుండే కొండల్లో ఎవరైనా ముందు చేసే పని ఒకటే. కూరే కర్రని గొట్టంలోకి జారవిడుస్తారు. ఖాళీగా ఉంటే అడుగున ఇనుముకి తగిలి టంగుమంటుంది, కర్ర మీద చెక్కిన గాటు సరిగ్గా మూతి దగ్గర ఆగుతుంది. లోపల మందూ గుండూ ఉంటే మెత్తగా దబ్బుమంటుంది, గాటు బొటనవేలంత పైన నిలబడిపోతుంది. అంతే. దానికి చదువక్కర్లేదు.

ఎవరో ముసలి రైతు పోతే, ఆ రోజు పొద్దున్న వాళ్ళింట్లో జరిగిన వేలంపాటలో అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి కొన్నారు దాన్ని. ఉడుతలు కొట్టే సన్నగొట్టం తుపాకీ. శనగగింజంత గుండు పడుతుంది. చారల మేపుల్ చెక్క, దానిమీద నెలవంక ఆకారంలో ఇత్తడి బిళ్ళ. రీవా బొటనవేలితో ఆ బిళ్ళని రుద్దుతూ కూచుంది. కర్ర చెమ్మకి ఉబ్బి గొట్టం కింది గాడిలో ఇరుక్కుపోయింది. రెండుసార్లు లాగింది, రాలేదు. తర్వాత చూద్దాంలే అనుకుంది. అంతలో వాడు అడిగాడు. నోటికొచ్చింది అనేసింది.

ఎన్నిస్ తుపాకీ అందుకుని మడమ భాగం నేలమీద ఆనించాడు. ఇంటిపట్టున వాడు చెప్పులు తొడిగేవాడు కాదు. కుడికాలి బొటనవేలితో తుపాకీ సుత్తిని వెనక్కి నొక్కిపట్టి, గొట్టం మూతికి నోరానించి ఊదబోయాడు. వెనకవైపు చిల్లులోంచి గాలి బుస్సుమని వస్తే దారి శుభ్రంగా ఉన్నట్టు. పాతకాలం వాళ్ళంతా అలాగే చేస్తారు. చిల్లు మీద చిలుముపట్టి ఇనుము రంగులో కలిసిపోయిన రాగి టోపీ, సుత్తి పడితే నిప్పు రాజేసి మందుని పేల్చేది, ఒకటి ఎన్నేళ్ళనుంచి ఉందో వాడికి కనబడలేదు. వేలు జారింది.

పోలీసు వచ్చి అడిగితే, "నేనక్కడ లేను, నాకేం తెలియదు," అంది రీవా.

నోట్లో గొట్టం, సుత్తి మీద కాలివేలు. చూసినవాళ్ళు ఇంకేమనుకుంటారు? ఎన్నిస్ అంతటివాడు కర్ర వేసి చూడకుండా ఉంటాడా అన్నారు. తెలిసే చేసుకున్నాడన్నారు. వదిన నదీన్ నమ్మింది. మొగుడి ఫొటోలన్నీ పెట్టెలో వేసి మూసేసింది. ఆ తుపాకీని దుప్పట్లో చుట్టి తెచ్చి రీవా గుమ్మంలో పెట్టి, "నా కంట పడకూడదు ఇది," అని వెళ్ళిపోయింది.

ఈ శనివారం మధ్యాహ్నం ఆ వదినే ఫోన్ చేసింది.

"ఓపల్ రాత్రి అడిగిందే... నాన్నకి నేనంటే ఇష్టం లేదా అమ్మా అని. పదేళ్ళ పిల్ల. ఏం చెప్పను? నీకేమైనా తెలుసా రీవా? ఆ రోజు ఒక్క మాటైనా అన్నాడా?"

"ఏమీ అనలేదు వదినా," అంది రీవా.

ఫోను పెట్టేసింది.

నాలుగింటికి హోబర్ట్ బాబాయ్ వచ్చాడు. లోయ కింద ఉంటాడు. పాత తుపాకులు పోగెయ్యడంలో ఆయన తర్వాతే ఎవరైనా. రీవా ఇంట్లో గోడమీద మేకులకి వరసగా వేలాడుతున్న ఐదు సన్నగొట్టం తుపాకుల్నీ చూసి పళ్ళికిలించాడు.

"ఏమే, ఉడుతలమీద యుద్ధం ప్రకటిస్తావా ఏం?"

"మీ కళ్ళకి ఉడుత ఆనడం మానేసి పదేళ్ళయింది, మీకెందుకు బాబాయ్ యుద్ధం సంగతి?"

"నోరు చూడు దీనికి! మా ఆవిడ నయం." నవ్వుతూనే నెలవంక బిళ్ళ ఉన్నదాన్ని దింపాడు. కర్ర జారవిడిచాడు. టంగ్. "ఖాళీ. చూశావా, రెండు క్షణాల పని. మీ అన్న..." ఆగిపోయాడు. "పోనీలే. వాడు తెలియక చేశాడా ఏం. ఇది నాకిచ్చెయ్యరాదూ?"

"ఇవ్వను."

"దీన్ని ఎదురుగా పెట్టుకుని అన్నం ఎలా తింటున్నావే తల్లీ?"

రీవా పొయ్యి దగ్గరికి వెళ్ళి కుండ కదిపింది. వాన వచ్చేలా ఉందని ఆయన టోపీ సర్దుకుని వెళ్ళాడు. ఆయన ట్రక్కు చప్పుడు మలుపు దాటేదాకా విని తలుపు గడియ పెట్టింది.

కొండలమధ్య తొందరగా చీకటి పడుతుంది. వాన మొదలైంది. రేకుల కప్పుమీద మొదట గింజలు చల్లినట్టు, తర్వాత ఎడతెగకుండా. కుండలో చిక్కుళ్ళు ఉడుకుతున్నాయి. తడిసిన ఆకుల వాసన, పొయ్యి వాసన. బాబాయ్ దింపిన తుపాకీ ఇంకా బల్లమీదే ఉంది. మేకుకి తగిలించబోతూ రీవా అలవాటు కొద్దీ కర్ర జారవిడిచింది. మూడేళ్ళుగా ఆ తుపాకీ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా అదే పని. చెయ్యి ఊరుకోదు.

దబ్.

గాటు మూతికి బొటనవేలంత పైన నిలబడింది.

మళ్ళీ వేసింది. దబ్.

గంట కిందట బాబాయ్ వేస్తే టంగుమన్నది తన చెవులతో విన్నది. మందు డబ్బా అల్మరాలో ఉంది, తాళం వేసే ఉంది. కొసకి మర ఉన్న కడ్డీ తెచ్చి గొట్టంలో దించి గుండుకి పట్టించి లాగింది. వచ్చింది. కొత్త సీసం, వెండిలా మెరుస్తోంది. దాని చుట్టూ గుడ్డపేలిక. వేలికి తడి తగిలింది.

కొవ్వు కాదు. ఉమ్మి. గురి పోటీల్లో వాళ్ళంతా పేలికని నోట్లో పెట్టి తడిపే కూరతారు. ఆ తడి పావుగంటలో ఆరిపోతుంది. ఇది ఇంకా వెచ్చగా ఉంది... ముక్కు దగ్గర పెట్టుకుంది. చల్లటి పుదీనాలాంటి ఘాటు. నమిలే పొగాకు. లోయలో ఆ రకం నమిలేవాడు ఒక్కడే ఉండేవాడు, అన్న.

రీవా మందుని తొట్లో గుమ్మరించి నీళ్ళు పోసింది. కర్ర వేసింది. టంగ్. మేకుకి తగిలించింది. పొయ్యి దగ్గరకొచ్చి గోడకి వీపు పెట్టి కూచుంది. పేలికని మాత్రం పారెయ్యలేకపోయింది.

చిక్కుళ్ళు మాడుతున్నాయి. లేవలేదు.

మేకుల వైపునుంచి... హూ... అని పొడుగ్గా ఒక చప్పుడు. ఖాళీ సీసా మూతిలో ఎవరో ఊదినట్టు. దాని వెంటే సన్నగా, బుస్సుమని, చిల్లులోంచి గాలి.

వాన గాలి అనుకుంది. కిటికీ మూసే ఉంది.

లేచి వెళ్ళింది. కర్ర వేసింది.

దబ్.

ఈ పేలిక మొదటిదానికంటే తడిగా ఉంది. పిండితే కారేంత. మళ్ళీ తీసింది, మళ్ళీ గుమ్మరించింది, మళ్ళీ కర్ర వేసింది. టంగ్. చూస్తూనే ఉంది ఈసారి. రెప్ప వెయ్యలేదు. గొట్టం మూతి ఆమె కళ్ళముందే ఉంది... కర్ర ఆమె చేతిలోనే ఉంది...

వేసింది.

దబ్.

దీపం ఆరలేదు. తలుపు కదల్లేదు. చెవికి ఆనుకున్నంత దగ్గర్లో, తడి నోటితో, ఎవరో మెల్లిగా అడిగారు.

"చూశావటే?"

కోపం లేదు ఆ గొంతులో. అదే భరించలేకపోయింది. చెల్లెల్ని నమ్మేవాడి గొంతు. చేతులు కడుక్కుంటూ, ఇంక రెండోసారి అడగక్కర్లేదనుకుని అడిగిన గొంతు.

నిజం చెప్పడానికే నోరు తెరిచింది రీవా.

"చూ... చూశాను," అంది.

బరువుగా ఒక నిట్టూర్పు వినబడింది. అది గొట్టంలోంచి వచ్చింది.

ఆ తర్వాతది ఆమెకి ముక్కలుగానే గుర్తు. పొయ్యి ఎవరు ఆర్పారో తెలియదు. గదిలో కుళ్ళిన గుడ్డులాంటి మందు వాసన. వాన వెలిసింది. ఎంతసేపైందో...

తెలివొచ్చేసరికి మంచం అంచున కూచుని ఉంది. మోకాళ్ళ మధ్య తుపాకీ, దాని మడమ నేలమీద, మూతి తన గడ్డం కింద. కుడికాలు మంచులా ఉంది. బూటు లేదు. పక్కనే పొందిగ్గా పెట్టి ఉంది. లోపల మేజోడు నాలుగు మడతలుగా. రీవా జన్మలో మేజోడు మడతపెట్టలేదు.

సుత్తి పూర్తిగా వెనక్కి ఉంది. దానికింద కొత్త రాగి టోపీ. సుత్తిని పట్టి ఆపుతున్నది తన కాలి బొటనవేలే.

ఎదురుగా కిటికీ అద్దం నల్లగా ఉంది. అందులో తన మొహం. పెదాలమీద గుండ్రంగా ఒక నల్లటి వలయం. నాలుకతో తడిమి చూసుకుంది. ఉప్పగా, మసిగా... నాలుక కింద ఏదో నలిగిన తునక. పుదీనా ఘాటు.

పొగాకు ఆమె ఎప్పుడూ నోట పెట్టలేదు.

కాలు తియ్యాలంటే భయం, ఉంచాలంటే భయం. రెండు చేతులూ పెట్టి, ఊపిరి బిగబట్టి, సుత్తిని వెంట్రుకవాసి వెంట్రుకవాసి కిందికి దించింది. సగంలో ఆగిపోయింది. అక్కణ్ణించి రావట్లేదు. అవతలినుంచి ఎవరో పట్టుకున్నట్టు ఉంది. లాగడంలేదు, తొయ్యడంలేదు. ఊరికే పట్టుకుని, ఎదురుచూస్తున్నట్టు.

ఏడున్నర. వదిన ఆస్పత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి చేరే వేళ. ఓపల్ పక్కనే ఉంటుంది, ఫోను తనే ఎత్తుతుంది, ఎప్పుడూ అంతే. ఎత్తనీ. నాన్న కావాలని చచ్చిపోలేదని ముందు వినాల్సింది ఆ పిల్లే.

రీవా కుడిచేత్తో సుత్తిని వదలకుండానే ఎడంచెయ్యి చాచి మంచంమీది ఫోను అందుకుంది.