పొట్టు నీళ్ల గుంత

పామర్రు దాటి కాలవ గట్టు వెంట కొంత దూరం పోతే ఒక రొయ్యల ఫ్యాక్టరీ వస్తుంది. దాని వెనక, ప్రహరీ గోడ మూలన ఒక పెద్ద గుంత. రొయ్యల పొట్టు కడిగిన నీళ్లన్నీ అందులోకే పోతాయి. పొద్దుగూకాక అటు వైపు ఎవరూ వెళ్లరు. లోపల ఎవరో మూలుగుతున్నట్టు ఉంటుందని చెప్పుకుంటారు...

ఊరికే పుట్టిన మాట కాదది. కిందటి వానాకాలం రాముడనే మనిషి పూడిక తీయడానికి అందులో దిగాడు. పైకి రాలేదు. అతన్ని లాగుదామని ఇంకొకతను దిగాడు — అతనూ రాలేదు.

ఇదంతా నాకు చెప్పింది మా పిన్ని కూతురు హెప్సిబా. ఆ చావుల తర్వాతే ఫ్యాక్టరీ వాళ్లు తనని సేఫ్టీ ఆఫీసరుగా పెట్టుకున్నారు.

చేరిన కొత్తలోనే గుంత మీద గ్యాస్ మీటరు పెట్టి చూసింది. ఆ మూలుగు దెయ్యానిది కాదు. కుళ్లిన పొట్టులోంచి బుడగలు లేస్తున్న చప్పుడు. ఆ బుడగల నిండా విషవాయువు.

పనివాళ్లందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "ముందు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. కాసేపటికి అది తెలియదు. గాలి బాగుపడిందనుకుంటాం... చచ్చిపోయింది మన ముక్కు. లోపల పడింది ఎవరైనా సరే, కాపాడ్డానికి కూడా వెళ్లకూడదు."

అది విని రాముడి అక్క గంగారత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె అక్కడే రొయ్యలు ఒలుస్తుంది. ఆమె భర్త చిట్టిబాబు డ్రైనేజీలు చూసుకుంటాడు.

హెప్సిబా గుంతకి ఇనప మూత పెట్టించి తాళం వేయించింది. పూడికని ట్యాంకరు బండి పైపుతో పైనుంచే లాగాలంది. ఆక్సిజన్ మాస్కులు కావాలని అడిగింది.

"తెప్పిద్దామండీ," అన్నారు మేనేజరు వెంకటకృష్ణారావు గారు. ఎప్పుడడిగినా అదే మాట.

ఆ రోజు తుఫాను వాన. నైట్ షిఫ్టు నడుస్తోంది. డ్రైనేజీ ఎగదన్ని మురుగు నీళ్లు హాల్లోకి వచ్చేశాయి. రోడ్డు మునిగింది, రాలేమన్నారు ట్యాంకరు వాళ్లు. పని ఆపించండి సార్, అంది హెప్సిబా. సరుకు పాడైపోతుంది, అన్నారు ఆయన.

తను ఇంకా ఫోన్లో ట్యాంకరు వాళ్లని బతిమాలుతూనే ఉంది... ఈలోపు ఆయన తాళం తీయించేశారు. అడ్డం పడ్డ పూడికని పైనుంచి గెడతో పొడిస్తే చాలని చిట్టిబాబుని పంపారు.

ఒలుపు హాల్లోంచి సువార్తమ్మ అనే పెద్దావిడ తడుచుకుంటూ వచ్చింది.

"అమ్మాయ్... చిట్టిబాబు కనపట్లేదు."

హెప్సిబా వెళ్లేసరికి మూత తెరిచి ఉంది. గెడ నీళ్ల మీద తేలుతోంది. చేతిలో మీటరు ఆగకుండా మోగుతోంది.

తాడు వేశారు. పట్టుకునే చెయ్యి లేదు. ఫైరింజను వాళ్లకి ఫోన్ చేస్తే దారిలో చెట్టు కూలింది, నరుకుతున్నాం అన్నారు.

గంగారత్నం పరుగున వచ్చింది. హెప్సిబా, సువార్తమ్మ చెరో చెయ్యీ పట్టుకుని ఆపారు.

"వదలండి మేడమ్... నేను లాక్కొస్తా."

"నువ్వూ పోతావ్ గంగారత్నం."

"పోనీండి... వదలండి."

అన్నీ తెలిసిన మనిషి హెప్సిబా. ఆ గాలి పేరు తెలుసు, అదెలా చంపుతుందో తెలుసు. ఆ పూట తను చేయగలిగింది మాత్రం ఒక్కటే — ఒక పెళ్లాన్ని మొగుడి దగ్గరికి పోకుండా పట్టుకోవడం.

అదీ చేతకాలేదు. వాన తడికి పట్టు జారింది. గంగారత్నం విదిలించుకుని గుంతలోకి దిగే ఇనప నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు వేసింది. హెప్సిబా గుంత మీదకి వంగి ఆమె చీర చెంగు దొరకబుచ్చుకుంది. అదీ గుప్పిట్లోంచి జారిపోతోంది...

అప్పుడు —

"అక్కా... దిగొద్దు."

బొంగురు గొంతు. గుంతలోంచే. చాలా దగ్గరగా.

గంగారత్నం అక్కడే ఆగిపోయింది. "తమ్ముడూ..." అంది, వినపడీ వినపడనట్టు. తనంతట తనే వెనక్కి వచ్చి బురదలో కూలబడింది.

ఆ తర్వాత వానలో అలా నిలబడడమే. ఫైరింజను వచ్చింది, మాస్కులు పెట్టుకున్న వాళ్లు దిగారు, చిట్టిబాబుని పైకి తెచ్చారు. పడిన వెంటనే పోయి ఉంటాడని ఆస్పత్రిలో చెప్పారు.

మర్నాడు మధ్యాహ్నానికి ఫ్యాక్టరీకి మాస్కులొచ్చాయి.

శవాన్ని ఇచ్చేదాకా ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నప్పుడు హెప్సిబా ఉండబట్టలేక అడిగింది. "రాత్రి ఆ గొంతు... మీరూ విన్నారా?"

"వినకేం తల్లీ," అంది సువార్తమ్మ. "అన్నది నువ్వే కదా. నీ పెదాలు కదలడం చూశాను."

నాకు చెబుతూ ఇక్కడికొచ్చేసరికి హెప్సిబా తల అడ్డంగా ఊపింది.

"నేను కాదన్నయ్యా," అంది. "గుంత మీదకి వంగే ముందే ఊపిరి బిగబట్టాను. ఆమె బయటికి వచ్చేదాకా వదల్లేదు... ఊపిరి లేకుండా మాట ఎలా వస్తుంది?"