కూర్మమ్మకు అతికించిన కళ్ళు

శ్రీకాకుళంలో మధ్యాహ్నం మూడు గంటలు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఫొటో స్టూడియోలో ఈశ్వరి కంప్యూటర్ ముందు కూర్చుని, చచ్చిపోయిన మనిషికి కళ్ళు తెరిపిస్తోంది.

ఇది ఆ స్టూడియోకి కొత్త పనేం కాదు. బతికినన్నాళ్ళూ ఫొటో దిగని ముసలాళ్ళని, పోయాక కుర్చీలో కూర్చోబెట్టి ఒక్క ఫొటో తీస్తారు. ముక్కులో దూది చెరిపేసి, మూసిన రెప్పల మీద తెరిచిన కళ్ళు అతికించడం స్టూడియో పని. ఈసారి గోడకి కాదు, పాటల ఆల్బమ్ కవరుకి. కళింగపట్నం కూర్మమ్మ నలభై ఏళ్ళు జముకు తీగ మీటుతూ కథలు పాడింది. ఆ పాటల్ని మనవరాలు కుసుమకుమారి ఫోన్‌లో దాచింది. రేపు పెద్దకర్మ నాడే విడుదల.

"గుంటా, ఫోల్డర్లో కళ్ళే ఎట్టు," అన్నాడు ఓనరు ధర్మేంద్ర, భోజనానికి లేస్తూ. "అయ్యన్నీ పోయినోల్లవి. బతికున్నోల్ల కళ్ళు మాత్రం అతికించకు."

"అతికిస్తే ఏటవుతాది మావా? కేసెడతారేటి?"

"మా నాన్న ఎట్టీవోడు కాదు. నానూ ఎట్టను."

"కారణం తెలీనప్పుడే ఆచారం అంటారు."

"నీతో వాదించీకంటే అన్నం తినడం నయం," అని వెళ్ళిపోయాడు.

ఫోల్డర్లో ఏ కళ్ళూ నప్పలేదు. వెనక కవరు కోసం కుసుమ పంపిన సెల్ఫీ తెరిచింది ఈశ్వరి. అచ్చం మామ్మ కళ్ళ వంపే. కత్తిరించింది. అతికించింది. అంచులు మెత్తబరిచింది.

కూర్మమ్మ చూసింది.

ఫోన్ మోగింది. కళింగపట్నం నుంచి కుసుమ.

"అక్కా... మీకాడా సీకటైపోయిందేటి?"

"పట్టపగలు సీకటేటే?"

"నాకేటీ అవుపడ్డం లేదక్కా..."

ఈశ్వరి గబగబా కళ్ళ లేయర్ డిలీట్ చేసింది. ఫోన్‌లో కేక. కోసినట్టు. వెంటనే లేయర్ వెనక్కి తెచ్చింది. కేక ఆగింది.

"తుడిసెయ్యకక్కా... అవి నావి." ఎగశ్వాస. "ఇప్పుడవుపడతన్నాది."

"ఏటి?"

"నీలం గోడ. ఫ్యాను. నువ్వు. ఫోను సెవికాడ ఎట్టుకుని నన్నే సూస్తన్నావు."

ఈశ్వరి చూస్తున్నది తెరని.

"అక్కా..." కుసుమ గొంతు తగ్గింది. "నీ ఎనకాల కుర్సీలో ఎవులు?"

తెర మీద కుర్చీ ఖాళీ. రెండు కళ్ళు మాత్రం గాలిలో వేలాడుతున్నాయి. వెనక ఎక్కడో... జముకు తీగ ఒక్కసారి మోగింది. పసుపు వాసన. తడిసిన దూది వాసన.

"కదలకక్కా. మామ్మకి కళ్ళు లేవు. తడుముకుంటా వస్తన్నాది."

చల్లని వేళ్ళు ఈశ్వరి మెడ మీద ఆనాయి. చెంపల మీదికి పాకాయి. ఈశ్వరి రెప్పలు గట్టిగా మూసుకుంది. వేళ్ళు రెప్పల మీద ఆగాయి. నొక్కాయి.

"అవుపడతన్నాది!" ఫోన్‌లో కుసుమ ఏడుస్తూ నవ్వింది. "మా ఇల్లే! మా పడవే! అక్కా, ఏటి సేసినావు?"

ఈశ్వరి కళ్ళు తెరిచింది.

నీలం గోడ. ఫ్యాను. ఎదురుగా, తెరకి అవతల, ఫోన్ చెవికి పెట్టుకుని, రెప్పలు మూసుకుని కూర్చున్న ఒక పిల్ల. వేసుకున్నవి తన బట్టలే. ఆ పిల్ల చెంపల నిండా పసుపు.

ఈశ్వరి చెయ్యి కదపలేదు.

ఆ పిల్ల మాత్రం, కళ్ళు మూసుకునే, చెయ్యి చాచి మౌస్ పట్టుకుంది.