బొంత మీద రెండు తప్పులు

మా ప్రెస్‌లో చేరిన మొదటి రోజే ఆమె నా పరువు తీసింది.

నేను కరపత్రాలకీ, పుస్తకాల అట్టలకీ మాటలు రాస్తాను. ఆమె కొత్త ప్రూఫ్ రీడర్. మూడు రోజులు కష్టపడి రాసిన నా పేజీని ఎర్ర పెన్నుతో చీల్చి చెండాడి, అందరిముందూ నా టేబుల్ మీద పెట్టింది.

"ఇది వ్యాసమా, అతుకుల బొంతా?"

"అతుకుల బొంత కుట్టడం ఎంత కష్టమో తెలుసా మీకు?" అన్నాను రోషంగా.

"మీకు తెలుసా?"

తెలియదు.

ఏడాది తిరిగేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆమె ఎర్ర పెన్ను నా చొక్కా మీద కక్కింది. ఆమె గొడుగు గాలికి తిరగబడి ఇద్దరం తడిసి ముద్దయ్యాం. ఏసీ కింద వణుకుతూ, "నాకో దుప్పటి కొనిపెట్టొచ్చుగా!" అని రోజూ సాధించేది.

ఓ సోమవారం చల్లగా చెప్పింది. "మా ఊళ్లోనే ఉద్యోగం వచ్చింది. నెలాఖరుకి వెళ్లిపోతున్నా."

వెళ్లొద్దని చెప్పాలనుకున్నాను. పైకి మాత్రం "కంగ్రాట్స్" అన్నాను.

ఇంటికొచ్చి అమ్మమ్మ కుట్టు మిషన్ పక్కన చతికిలబడ్డాను. "అమ్మమ్మా, బొంత కుట్టడం నేర్పు."

"ఎవరికిరా?"

"ఫ్రెండ్‌కి."

"ఫ్రెండ్‌కైతే కొట్లో బోలెడు దొరుకుతాయి."

"కొన్నది వద్దు."

అమ్మమ్మ కళ్లజోడు పైనుంచి నన్నో చూపు చూసి, సూది చేతికిచ్చింది.

చొక్కాలో ఎర్ర సిరా మరకున్న ముక్క, తిరగబడి విరిగిందని ఆమె ప్రెస్‌లోనే పడేసిన గొడుగు గుడ్డ, ప్రెస్ కిటికీకి వేలాడిన పాత పచ్చ కర్టెన్. మధ్యలో పల్చగా దూది, అడుగున మెత్తటి దుప్పటి. వేళ్లన్నీ పొడుచుకున్నాను. "తాగినవాడు నడిచినట్టుంది నీ కుట్టు" అని అమ్మమ్మ నాలుగుసార్లు విప్పించింది. చివరికి ఓ మూల నీలం దారంతో 'నా స్నేహితురాలికి' అని కుట్టాను. ఇచ్చేది ప్రూఫ్ రీడర్‌కి కాబట్టి డిక్షనరీ కూడా చూసుకున్నాను.

ఆఫీసులో ఆమె ఆఖరి రోజున ఇచ్చాను. "ఇదిగో, అసలైన అతుకుల బొంత."

"ఇది నా గొడుగు కదూ? అయ్యో, ఈ మరక!" ఒక్కో ముక్కా తడిమి మురిసిపోయింది. తర్వాత మూలనున్న అక్షరాలు చదివింది. ముఖంలో వెలుగు తగ్గింది. "థాంక్స్" అని మడిచి పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం జోరున వాన. తలుపు తీస్తే ఆమె. కవర్లో బొంత పొడిగానే ఉంది, ఆమె మాత్రం నిలువునా తడిసింది.

"రేపు పొద్దున్నే నా బస్సు. దీన్లో రెండు తప్పులున్నాయి, దిద్దిపెట్టు."

"తప్పులా? మూడుసార్లు చూశాను!"

బొంత విప్పి చూపించింది. 'స్నేహితురాలికి' అన్న మాటని ఎర్ర దారంతో అడ్డంగా కొట్టేసింది. 'నా' పైన చిన్నగా 'మా' అని కుట్టింది.

బుర్ర గోక్కున్నాను. "'మా' ఎందుకు? ప్రెస్ మొత్తం తరఫునా?"

ఆమె తల పట్టుకుంది. మిషన్ దగ్గర అమ్మమ్మ పడీపడీ నవ్వింది.

"ఒరేయ్ మొద్దూ! మీ తాతయ్య నలుగురిలో నన్ను చూపించి ఏమనేవాడురా?"

"మా ఆవిడ అని..."

అక్కడితో ఆగిపోయాను. ఆమె నేలచూపులు చూస్తోంది. చెవులు మాత్రం ఆ దారంకంటే ఎర్రగా ఉన్నాయి.

"నువ్వంటే నాకు ప్రాణం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చెప్తే ఉన్న స్నేహం కూడా పోతుందేమోనని భయమేసింది."

"నాకు మాత్రం భయం లేదా? ఆ మాట కొట్టేయడానికి సగం రీలు ఖర్చయింది. రాత్రంతా కుట్టడం, విప్పడం, మళ్లీ కుట్టడం."

అమ్మమ్మ ఆమెకి తువ్వాలు అందించింది. నేను కత్తెర తీసి నీలం దారం విప్పబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇప్పుడే వద్దు. నిదానంగా కుట్టి మా ఇంటికి పట్టుకురా. అమ్మానాన్నలకి చూపించాలి. కొరియర్లో పంపావో, తిప్పి కొడతా."

"నేనూ వస్తానమ్మా" అంది అమ్మమ్మ. "వీణ్ని ఒక్కణ్నీ పంపితే అక్కడా 'ఫ్రెండ్‌ని' అనే చెప్పుకుంటాడు."