ఒంటెద్దు యాంప్లిఫయర్

ఆ పొద్దున ఆకాశం కురవనా మాననా అని తేల్చుకోలేక, తడిపి పిండని దుప్పటిలా ఊరి మీద వేలాడుతూ ఉంది. కళ్ళద్దాల కుర్రాడు మాత్రం తేల్చేసుకున్నాడు. షాపు తెరిచేలోపే పాత సామాన్ల బాబాయి కొట్టుకి వెళ్ళిరావాలి.

కళ్ళద్దాల షాపులో లెన్సులు అరగదీసి ఫ్రేములకి బిగించే పని అతనిది. చెయ్యి లెన్సు మీద ఉన్నా మనసు మాత్రం ట్యూబులతో పాడే పాతరకం యాంప్లిఫయర్ మీదే. కొత్తది కొనాలంటే మోటార్ సైకిలు ధర. అందుకని ఏడాదిగా పాత సామాన్ల కొట్లన్నీ జల్లెడ పడుతున్నాడు. నిన్న సాయంత్రం బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, నువ్వడిగే గాజు బుడ్ల డబ్బా ఒకటొచ్చింది. నీ జేబుకి అందేదే."

అతను చేరేసరికి డబ్బా బల్ల మీదే ఉంది. దాని మీద ఒక చెయ్యి కూడా ఉంది. ఆ చేతికో ఖాకీ చొక్కా, ఆ చొక్కా పైన ఏమాత్రం తొణకని ఒక అమ్మాయి ముఖం.

"అది నాదండీ," అన్నాడు ఆయాసపడుతూ.

ఆమె డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. "మీ పేరెక్కడా కనపడలేదే?"

"నిన్ననే ఫోన్లో చెప్పి ఉంచాను."

"నేను సిటీ బస్సు నడుపుతానండీ. ఫోన్లో చెబితే సీటు రాదు. బస్సు దగ్గరికి రావాలి. ముందెక్కినవాళ్ళు కూర్చుంటారు."

బాబాయి తల గోక్కున్నాడు. "అమ్మాయి డబ్బులిచ్చేసిందిరా. నువ్వొస్తావో రావోనని..."

"బాబాయ్!"

"అరవకు. ట్యూబులు పగులుతాయి."

కుర్రాడికి ఉక్రోషం వచ్చింది. "అసలు ఇదేంటో తెలుసా మీకు?"

"సింగిల్ ఎండెడ్. ఒక్కో పక్కకి ఒక్కటే పెద్ద ట్యూబు. పాట బరువంతా అదొక్కటే మోస్తుంది. వేరే రకాల్లో రెండేసి ట్యూబులు చెరిసగం పంచుకుంటాయి."

అతను వంగి ట్యూబుల వైపు చూశాడు. "ఒంటెద్దు బండి," అన్నాడు తనలో తను అనుకున్నట్టు. "ఎక్కువ బరువు లాగదు. కానీ నడక కుదురు."

ఆ మాటకి ఆమె మొదటిసారి అతని ముఖం వైపు సరిగ్గా చూసింది.

"స్పీకర్లేం పెడతారు?" అడిగాడు.

"ఇంట్లో ఉన్నాయి. చిన్నవి, కొత్తవి."

వాటితో కుదరదని చెప్పబోయాడు. ఆమె చెయ్యి అడ్డంపెట్టింది. "వంకలు పెట్టకండి. ఏడుపు ముఖం మీకు బాగోలేదు."

బయట చినుకు మొదలైంది. ఆమె బ్యాగులోంచి రెయిన్‌కోటు తీసి డబ్బాకి తొడిగి, తను తడుస్తూ వెళ్ళిపోయింది. అంత జాగ్రత్త చూశాక మనసులో తిట్టుకోవడం కూడా కుదరలేదు అతనికి.

*

వారం తిరక్కుండానే ఆమె కళ్ళద్దాల షాపు మెట్లెక్కింది. అడ్రసు బాబాయే చెప్పి ఉంటాడు.

"కంటి పరీక్షా అండీ?" అన్నాడు, ముందుగా తోచిన మాట.

"చెవి పరీక్ష. మీ ఏడుపు తగిలింది దానికి. వాల్యూమ్ మొత్తం తిప్పినా లోపల దోమ పాడుతున్నట్టుంది. డొల్ల సరుకు కొన్నానా?"

"డొల్ల కాదండీ. మీ స్పీకర్లు మొండివి. వాటిని కదిలించాలంటే చాలా పవర్ కావాలి, ఇదిచ్చేది మహా అయితే మూడు వాట్లు. పాతకాలం పెద్ద స్పీకర్లయితే ఊదితే కదులుతాయి. అవి పెడితే ఇల్లు నిండిపోతుంది."

"ఆ ముక్క ఆ రోజే చెప్పొచ్చుగా?"

"ఏడుపు ముఖం బాగోలేదన్నారు."

ఆమె నవ్వాపుకోవడానికి గోడ మీది కంటి పరీక్ష చార్టులో అన్నిటికంటే చిన్న అక్షరాల వైపు చూసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది. గొంతు మారింది.

"మా నాన్నది రంపాల మిల్లులో పనండీ. మిల్లు మానేసి చాలా కాలమైంది, చెవుల్లో రంపం మాత్రం మానలేదు. ఏ పాట పెట్టినా గుచ్చుకుంటుందట. రెండో చరణం రాకుండానే లేచి వాకిట్లోకి వెళ్ళిపోతాడు. ఒక్కసారి, ఎవరో స్నేహితుడింట్లో ఇలాంటి యాంపులో పాట చివరిదాకా విన్నాడు. ఇంటికొచ్చి దాని గురించి చెప్పాడు. మా నాన్న ఏదైనా చెప్పడమే అరుదు." ఆగింది. "ఒక్క పాట. నా పక్కన కూర్చుని చివరిదాకా వింటే చాలు. దానికోసమే సెలవు రోజుల్లో కూడా డ్యూటీ ఎక్కాను."

కుర్రాడు అప్పటికే మెరుస్తున్న లెన్సుని మళ్ళీ తుడిచాడు.

"నా దగ్గర స్పీకర్లున్నాయి. మూతపడ్డ సినిమా హాల్లోవి, నడుమెత్తుంటాయి. యాంపు దొరక్క ఊరికే పడున్నాయి. మా అమ్మ వాటిమీద పరుపులు పేరుస్తోంది. కోడల్ని తెస్తాడనుకుంటే పెట్టెలు తెచ్చాడని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది."

"పాపం, ఆవిడ."

"ఆదివారం తెస్తాను. కానీ ఒక్క మాట. స్పీకర్లు తగిలించకుండా దాన్ని ఆన్ చేయకండి. ఆన్‌లో ఉండగా వైర్లు పీకకండి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. అది మాడితే ఇక దొరకదు."

"న్యూట్రల్లో పెట్టి యాక్సిలరేటర్ తొక్కినట్టు."

"ఆఁ, అంతే."

"అయితే నాకు చెప్పక్కర్లేదు," అంది లేస్తూ. "మీరు జాగ్రత్త."

*

ఆదివారం ట్రాలీ ఆటోలో పెట్టెలు దిగాయి. ఆమె తండ్రి గుమ్మంలోకి వచ్చి ఒకదాన్ని వేలి కణుపులతో రెండుచోట్ల కొట్టి చూశాడు.

"ప్లైవుడ్. పాతకాలం ప్లై. మంచిదే," అని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఆ మాట తనకి కూడా వర్తిస్తే బాగుండునని కుర్రాడికి అనిపించింది.

ఆమె వంటింట్లోకీ ముందు గదిలోకీ తిరుగుతోంది. ట్యూబులు వేడెక్కాలని, చిన్న స్పీకర్లు తగిలించే ఉంచి, యాంపు ముందే ఆన్ చేసి పెట్టింది. ఫోన్లో పెట్టిన ఏదో పాట అందులోంచి సన్నగా వస్తోంది. గాజు బుడ్లలో దీపపు వత్తంత వెలుగు. వైర్లు మార్చడానికి కుర్రాడు యాంపు వెనక వంగాడు. ఆమె పక్కన వంగి, "డబ్బా పట్టుకోనా?" అన్నప్పుడు ఆ వెలుగు ఆమె చెంప మీద పడింది.

కుర్రాడు ఆ చెంపని చూశాడు. చూస్తూనే చిన్న స్పీకర్ల వైర్లు పీకాడు. ఒకటి. ఇంకొకటి.

పాట ఆగింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత వాసన వచ్చింది.

మాడు వాసన.

అతని చెయ్యి స్విచ్ మీద పడింది. ట్యూబుల్లో వెలుగు మెల్లగా చచ్చిపోయింది. వాసన మాత్రం పెరుగుతూనే ఉంది.

"నేనే," అన్నాడు. "ఆన్‌లో ఉండగానే పీకేశాను. మీకు చెప్పి నేనే..."

ఆమె తిట్టినా బాగుండేది. డబ్బా మూత మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడింది, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూస్తున్నట్టు.

"స్పీకర్లు మీరే ఉంచుకోండి," అన్నాడు అతను. "ఇలాంటిదే ఇంకోటి ఎక్కడున్నా వెతికి తెస్తాను. ఎన్నాళ్ళయినా సరే."

కుర్చీలో పెద్దాయన తలెత్తి గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు.

"అబ్బాయ్. మిల్లులో మోటార్లు మాడిన వాసన నాకు తెలుసు. గొంతులో గీరుతుంది. ఇది అది కాదు." కూతురి వైపు తిరిగాడు. "పొయ్యి మీద ఏం పెట్టావే?"

"అయ్యో, కూర!"

ఆమె వంటింట్లోకి పరుగెత్తింది. గిన్నె పొయ్యి దిగిన చప్పుడు, నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమన్న చప్పుడు, ఆ వెనకే ఆపుకోలేని నవ్వు.

కుర్రాడు ఇంకా నవ్వలేకపోయాడు. పెద్ద స్పీకర్ల వైర్లు బిగించాడు, రెండేసిసార్లు లాగి చూశాడు. స్విచ్ వేశాడు. ట్యూబులు వెంటనే పాడవు, వేడెక్కాలి. ఆ కాసేపూ గదిలో గడియారం, బయట వాన, ఈ రెండే వినిపించాయి.

ముందు చిన్న ఉరుము లాంటి గుర్రుమన్న శబ్దం. తర్వాత దాని మీదుగా, పక్కగదిలోంచి నడిచొచ్చినట్టు, ఒక ఆడమనిషి గొంతు. గుచ్చుకునే పదునెక్కడా లేదు. చేత్తో తాకొచ్చనిపించేంత దగ్గరగా ఉంది.

కుర్రాడు అప్పుడు నవ్వాడు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

కాసేపటికి మంచినీళ్ళ కోసమన్నట్టు వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. ఆమె గరిటెతో గిన్నె అడుగు గీకి, కూర ఎంత మాడిందో చూస్తోంది.

"ఒకటడుగుతాను, నిజం చెప్పండి," అంది తల తిప్పకుండా. "వైర్లు పీకేటప్పుడు ఎటు చూస్తున్నారు?"

అబద్ధం చెప్పడానికి ఓపిక మిగల్లేదు అతని దగ్గర. "మీ వైపు."

"బండి మీద చెయ్యి పెట్టి పక్కచూపులా? లైసెన్స్ పీకేస్తారు."

"నాకు లైసెన్సే లేదండీ."

"తెలుస్తూనే ఉంది." గరిటె ఆగింది. "కూర ఎందుకు మాడిందో అడగరేం?"

"ఎందుకు?"

"వంటింటి గుమ్మంలో నిలబడి మీరు పెట్టెలు మోయడం చూస్తున్నాను, పొయ్యి సంగతి మర్చిపోయి." ఇప్పుడు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు చెరిసగం. సరేనా?"

"సరే," అన్నాడు. ఆ తర్వాత, "మీ అండీలు తీసేస్తే నాకేం కోపం రాదు," అని కలిపాడు.

"చూద్దాం. ముందు కంచాలు తీసుకో."

ముందు గదిలో రెండో చరణం మొదలైంది. ఇద్దరి చేతుల్లో కంచాలు ఆగిపోయాయి. కుర్చీ కదిలిన చప్పుడు వినిపించింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

కుర్రాడు తొంగి చూశాడు. పెద్దాయన లేవలేదు. కుర్చీని స్పీకర్లకి దగ్గరగా జరుపుకున్నాడు.

పాట అయ్యాక ఆయన ఆపమనలేదు. ఇంకోటి దానంతటదే వచ్చింది. స్పీకర్లకి ఎదురుగా నేల మీదే కంచాలు పెట్టుకుని ముగ్గురూ కూర్చున్నారు. పెద్దాయన గిన్నె తన వైపు లాక్కుని, మాడు తగలని కూర వెతికి వెతికి కుర్రాడి కంచంలో వేశాడు. తర్వాత కూతురికి. అడుగున మిగిలింది తను వేసుకున్నాడు.

ట్యూబుల్లో వత్తులు నిలకడగా వెలుగుతున్నాయి. బయట వాన పడుతూనే ఉంది. ముగ్గురూ తలలు వంచుకుని, పాటకి అడ్డం రాకుండా మెల్లగా నములుతూ, ఆ మాడిన కూరతో కడుపునిండా తిన్నారు.