మూడు చిల్లుల బొంత

శనివారం పొద్దున హైమావతి పాలు వడకడితే గుడ్డలో తెల్లటి పలుకులు మిగిలాయి. వేలితో నలిపి చూసింది. సున్నం.

"ముత్యమ్మా, పాలల్లో ఇవేంటి?"

గేటు దగ్గర క్యాను మూత బిగిస్తున్న పాల ముత్యమ్మ తల ఎత్తలేదు. జిన్నారం శివార్లలో, కంకర క్వారీకి నాలుగు వందల మీటర్ల దూరంలో ఆమె ఇల్లు.

"గోడ రాలుతుందమ్మా. నిన్న మళ్ల పేలిచ్చిన్రు. పాలు పిండి పెట్టిన, పెచ్చులు అండ్లనే వడ్డయి. ఎన్నిటికని మూతలు పెట్టాలె?"

"క్వారీవాళ్లని అడగలేదా?"

"అడిగితే కాయిదం సూపిచ్చిన్రు. మీ సారు మిషన్ల నాలుగే వచ్చిందట. పది దాటితేనే గోడలు పగులుతయంట. ఏం జేస్తం, నా గోడ సదువుకోలే. పగిలింది."

హైమావతి పాలు సింకులో పారబోసింది.

ఆమె భర్త త్రినాథరావు తుని నుంచి వచ్చి పటాన్‌చెరు వైపు ప్రభుత్వ కర్మాగారంలో ముప్పై రెండేళ్లు పనిచేశాడు. రిటైరయ్యాక జిన్నారంలో ఇల్లు కట్టుకున్నాడు. క్వారీలో రాళ్లు పేల్చినప్పుడు ఊళ్లో నేల సెకనుకు ఎన్ని మిల్లీమీటర్ల వేగంతో అదిరిందో క్వారీ తరఫున కొలిచి రాయడం నాలుగేళ్లుగా ఆయన పని. పదింటికి క్యారేజీ, పరికరం పెట్టె, ఒక బొంత తీసుకుని బయల్దేరతాడు. రాళ్ల మీద కూర్చోలేకపోతున్నానంటే హైమావతే పాత చీరలతో ఆ బొంత కుట్టింది.

హాల్లో కూతురు నిషిత లాప్‌టాప్ ముందు ఉంది. ఉప్మా ముట్టలేదు. భూమిలో అదురు ఎలా ప్రయాణిస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం మీద పరిశోధన చేస్తోంది. సోమవారం థీసిస్ ఇవ్వాలి.

"తినవే, చల్లారిపోతోంది."

"మా గైడ్ సార్ మళ్ల తిప్పి పంపిండమ్మా. గిట్లాంటి మట్టి భూమ్మీద లేదంటుండు." ఇక్కడి బడిలో చదువుకున్న పిల్ల, మాట్లాడేదీ ఇక్కడి మాటే.

"మట్టేంటి?"

నిషిత తెర తిప్పి చూపించింది. క్వారీ నుంచి ముత్యమ్మ ఇంటిదాకా నేలను లక్షల గళ్లుగా కోసింది. ఏ గడిలో రాయి, ఏ గడిలో మట్టి, ఎంత గట్టిదో ముందే చెప్పాలి. ఒక గడిలో పేలుడు పెడితే అది పక్కదాన్ని తోస్తుంది, అది ఇంకోదాన్ని. సెకనును వేల ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ అన్ని గళ్లనూ మళ్లీ లెక్కగట్టాలి. ముక్క పెద్దదైతే అంకెలు అదుపు తప్పుతాయి. గళ్ల అంచుల దగ్గర అదురు అలను బయటికి పోనివ్వాలి, లేకపోతే తొట్టి గోడకు తగిలిన నీళ్లలా వెనక్కి వస్తుంది.

"అన్నీ సరిజూసిన. ముత్యమ్మ ఇంటికాడ పన్నెండు రావాలె. నాన్న కొలిస్తే నాలుగే. నాన్నదే కరెక్టనుకొని ఎనిమిది నెలల సంది మట్టిని మెత్తగ జేస్కుంట పోయిన. ఇప్పుడది ఇడ్లీ పిండి లెక్కుంది. దాని మీద కోడి గూడ నిలవడదు."

"మిషను పాడైందేమో."

"మిషన్ మంచిగనే ఉంది. కింద మూడు మేకులుంటయి, నేలల దిగగొట్టాలె. బండ మీదైతే ప్లాస్టర్ పోసి అతికియ్యాలె. నేల ఎంత అదిరితే అదీ అంత అదరాలె. నాన్న అట్లనే పెడుతుండట."

హైమావతి లేచి పెరట్లోకి వెళ్లింది. తీగ మీద బొంత ఆరుతోంది. నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం ఉతుకుతోంది, ఆరాక చిల్లులకు మాటు వేస్తోంది. చిల్లులు ఎప్పుడూ మూడు. ఎప్పుడూ ముక్కోణంలా, ఒకదానికొకటి అంతే దూరంలో. ఒకసారి అడిగితే తుమ్మముళ్లన్నాడు. ముళ్లు కొలత పెట్టుకుని గుచ్చుకోవని ఆమెకు అప్పుడు తట్టలేదు.

బొంత తెచ్చి, త్రినాథరావు ఉప్మా తింటున్న బల్ల మీద పరిచింది.

"పొద్దున్నే ఏంటే ఇది?"

"మీ మిషను దీని మీద పెట్టండి."

ఆయన కదల్లేదు. నిషిత పెట్టె తెరిచి పరికరాన్ని తీసి పెట్టింది. మూడు మేకులూ మూడు చిల్లుల్లోకి దిగాయి. నొక్కాల్సిన పనిలేకపోయింది.

"మొదట్లో క్వారీ మేనేజరన్నాడు, కింద మెత్తగా ఏదైనా వెయ్యండి సార్ అని," అన్నాడు త్రినాథరావు. "ఒకసారి వేశాను. ఆ తర్వాత ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పది దాటిందని రాస్తే పని ఆపేస్తారు, నన్ను మాన్పించేస్తారు. మళ్లీ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి."

"నీకు జూడనీకి గోడలన్న ఉన్నయి," అంది నిషిత. "క్వారీకి అబద్ధం రాసినవ్, సరే. నాకెందుకిచ్చినవ్? నిజమేనా నాన్నా అని అడిగిన."

"నేను కొలిచినవే అన్నాను."

"నీ మాట నిలవెట్టనీకి నేను భూమినే మార్చిన నాన్నా!"

ఆయన హైమావతి వైపు చూశాడు. ఆమె ఎప్పుడూ సర్దిచెప్పేది.

"నాకు కోపం రావట్లేదండీ. అసహ్యంగా ఉంది," అంది. "ముత్యమ్మ గోడ కలిసిన పాలతో రోజూ మీకు కాఫీ ఇచ్చాను. మీరు తాగి, వెళ్లి, నాలుగని రాసొచ్చారు. మీ అబద్ధానికి పరుపు కుట్టింది నేను. చిల్లులు పడితే మాటేసింది నేను."

వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. తిరిగొచ్చి కూర్చుంది. మళ్లీ లేచి కడుక్కుంది. తర్వాత కత్తెర తెచ్చి బొంత కుట్లు ఒక్కొక్కటీ కోయడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటూ త్రినాథరావు పళ్లెం పక్కకి జరిపాడు.

పదింటికి ఆయన పెట్టె తీసుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "నిషీ, ప్లాస్టర్ ఎక్కడ దొరుకుతుందే?"

"హార్డ్‌వేర్ షాపుల. ఆగు, నేను గూడ వస్త."

హైమావతి కూడా చెప్పులు వేసుకుంది.

ముత్యమ్మ ఇంటి ముందు బండ మీద హైమావతే ప్లాస్టర్ కలిపి పోసింది. త్రినాథరావు పరికరాన్ని అందులో నిలబెట్టాడు. ఒంటిగంటకు క్వారీ సైరన్ మోగింది. పేలుడు చప్పుడు వినపడేలోపే అదురు హైమావతి అరికాళ్లకు తగిలింది. సున్నపు గోడ నుంచి ఇంకో పెచ్చు రాలింది.

పరికరం మీద అంకె: పన్నెండు పాయింట్ నాలుగు.

"గిప్పుడెట్ల పెరిగింది సారూ?" అంది ముత్యమ్మ.

"పెరగలేదమ్మా. ఎప్పుడూ ఇంతే. నేనే మిషన్ని బొంత మీద పెట్టాను."

ముత్యమ్మ రాలిన పెచ్చు చేతిలోకి తీసుకుంది. "మేం గూడ బొంతల మీదనే పండుకున్నం సారూ. మాకైతే తక్కువ గాలే."

త్రినాథరావు ఆ అంకె వేసి, సంతకం చేసి, కాగితం ఆమెకిచ్చాడు. పరికరం తీయడానికి వంగినవాడు మళ్లీ లేవలేదు. బండ మీద కూర్చుని కండువాతో ముఖం కప్పుకున్నాడు. హైమావతి ఆయన దగ్గరికి వెళ్లలేదు. కానీ ఇంటికీ వెళ్లలేదు.

నిషిత గైడ్‌కి ఫోన్ చేసింది. "సార్, సోమవారం గాదు, ఇంకో నెల కావాలె. మట్టి మంచిదే సార్. కొలత తప్పు."

ఫోన్ జేబులో వేసుకుని తండ్రి పక్కన కూర్చుంది. ప్లాస్టర్ గట్టిపడి పరికరం ఊడి రావడం లేదు.

"ఆ పక్క పట్టుకో నాన్నా," అంది. ఇద్దరూ కలిసి లాగారు.